అతుకు పట్టిన చిగురు

పళ్ళ డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి, జాగ్రత్తలన్నీ భర్తకే చెప్పింది. వినాల్సిన మనిషి కుర్చీలో వెనక్కి వాలి ఉంది. మత్తుకి మొద్దుబారిన కింది పెదవి తనది కానట్టు వేలాడుతోంది.

"అంగిట్లోంచి చిన్న ముక్క తీసి కింది పళ్ళ ముందు చిగురుకి అతికి కుట్టాను. అది కదలకూడదు. పెదవి లాగి అద్దంలో చూసుకోవద్దు. గట్టిగా ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు. మెత్తటివి, చల్లటివి పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, కుట్లు విప్పేదాకా మాటలు తగ్గించాలి. మాట్లాడితే పెదవి కదులుతుంది. పెదవి కదిలితే అతుకు లేచిపోతుంది."

"తగ్గించడమంటే?"

"అసలు మాట్లాడకపోతే మరీ మంచిది."

భర్త భార్య వైపు చూశాడు. "మీరు చెప్పింది నాకు అర్థమైందండీ. కాకపోతే నేను మామూలుగానే మాట్లాడను" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వింది. కుర్చీలో ఉన్నావిడకి కూడా నవ్వొచ్చింది కానీ, నవ్వితే పెదవి కదులుతుందని కళ్ళు మూసుకుంది.

ఆమెను లాండ్రీలో అందరూ మైకక్క అంటారు. ఇస్త్రీ రోలరు, ఉతికే మిషన్లు, ఆవిరి గొట్టాలు అన్నీ కలిసి రొద పెడుతున్నా ఆమె గొంతు ఆ చివర్నుంచి ఈ చివరికి వినిపిస్తుంది. తాగే నీళ్ళు రాకపోయినా, ఫ్యాను తిరగకపోయినా, ఎవరి సెలవైనా కోసేసినా మేనేజరు గది ముందు నిలబడి అడిగేది ఆమే. ఏ పనైనా గట్టిగా చేస్తేనే చేసినట్టని ఆమె లెక్క. గిన్నెలు తోమినట్టే పళ్ళూ తోమింది. చివరికి చిగుళ్ళు పళ్ళ మొదళ్ళు వదిలి కిందికి జారిపోయాయి. చల్లనీళ్ళు నోట్లో పోసుకుంటే నెత్తిదాకా జివ్వున లాగేది.

ఇంటికొచ్చాక అత్తగారు గడపలోనే అడిగింది. "ఏమన్నారు?"

భర్త వేలు పెదాల మీద పెట్టి చూపించాడు.

"మూగనోమా? చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత. నాయనా, ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నా మాట చెల్లుతుందన్నమాట" అంది ఆవిడ. అంటూనే చల్లార్చిన జావ గిన్నె తెచ్చి, చెంచాతో తిప్పి, వేలితో వేడి చూసి కోడలి చేతికిచ్చింది. "పై పళ్ళ మీదుగా జార్చుకో. అతుక్కుంటుందిలే. చిగురన్నాక వెయ్యక ఏమవుతుంది."

సాయంత్రం మెల్లమ్మ వచ్చింది. ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళు వాడుతారేమో, లాండ్రీలో మాత్రం మెల్లమ్మే. నోట్లో నాలుక లేని మనిషి. నడక మెల్లగా, మాట ఇంకా మెల్లగా. రోలరు దగ్గర మైకక్కకు జోడీ. ఏళ్ళ తరబడి ఇద్దరూ ఆ పెద్ద రోలరుకు చెరో పక్కన నిలబడి, తడి దుప్పటిని చెరో రెండు మూలలా పట్టుకుని, ఒక్కసారి విదిలించి, అంచును పట్టీ మీద పరిచి, అరచేతులతో మధ్యనుంచి అంచులకు సవరిస్తారు. ఒకరు కాస్త ముందు లాగినా దుప్పటి మడత పడి లోపలికి పోతుంది. వీళ్ళ దుప్పటి మడత పడగా ఎవరూ చూడలేదు.

మెల్లమ్మ గిన్నె మూత తీసింది. వడగట్టిన సూపు. ఉప్పు తక్కువ, కారం లేదు.

"అడిగి తెలుసుకున్నానక్కా. కారం తగలకూడదట." కాసేపు మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. "నువ్వు తొందరపడి రాకు. నీ వైపు వేరే అమ్మాయిని నిలబెట్టారు. చెయ్యి ఇంకా కుదర్లేదు కానీ నేను సర్దుకుంటున్నాలే."

మైకక్క చేత్తో సైగ చేసింది, నీకెలా ఉందని.

"నాకేం అక్కా. నువ్వు లేకపోతే గోల లేదంతే. అందరికీ చెవులు పనిచేస్తున్నాయంటున్నారు." మెల్లమ్మ అంత పెద్ద హాస్యం ఆడటం అరుదు. అన్నాక తనే కొంచెం సిగ్గుపడి, గిన్నె కడుక్కొస్తానని లేచింది.

*

సెలవు అయిపోయింది. కుట్లు మాత్రం ఇంకా ఉన్నాయి. బుగ్గ వాపు తగ్గి మామూలుగా కనిపిస్తోంది కానీ, నాలుక ముందుకు పోతే దారం కొసలు గుచ్చుకునేవి. అంగిట్లో పుండు మీద కప్పిన పల్చటి ప్లాస్టిక్ తొడుగు మాటిమాటికీ జారేది. ఆవిరి మొహానికి కొట్టే చోట నిలబడొద్దని డాక్టరమ్మ చెప్పిందని, ఆమెను రోలరుకు అవతలి పక్కన, దుప్పట్లు ఆరి బయటికొచ్చే చోట మడతలు పెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

పొద్దున్నే మేనేజరు బావమరిది వచ్చి బల్లకు ఆనుకున్నాడు. ఫ్లోరు మీద పెత్తనం అతనిదే. "స్టోరు గదికి ఒక మనిషి కావాలంటున్నాడు బావ. నీ పేరే చెప్పానక్కా. కూర్చుని చేసే పని. ఆవిరి లేదు, గోల లేదు. నీ నోటికి కూడా మంచిది" అని నవ్వాడు. ఆమె రెండు చేతులూ జోడించబోయి, సగంలో ఆపి, తలూపింది. స్టోరు గదికి కిటికీ ఉంది. మోకాళ్ళ నొప్పులు మొదలైన దగ్గర్నుంచి ఆమె ఆ కిటికీ వైపు చూస్తూనే ఉంది.

మధ్యాహ్నం ఒక పెద్ద హోటలు బండి వచ్చి వెనక గేటు దగ్గర ఆగింది. దుప్పట్లు ఇంకా సగం తడిగానే ఉన్నాయి. బండివాడు హారన్ కొడుతున్నాడు. రోలరు దగ్గరి కొత్త అమ్మాయి ఆరిన దొంతర మోసుకుని గేటుకు వెళ్ళింది. బావమరిది ఫోను చెవికి పెట్టుకునే వచ్చి, రోలరు చూసి, "ఈ నత్తనడకేమిటి" అంటూ వేడి పెంచే చక్రాన్ని గట్టిగా తిప్పి, మాట్లాడుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయాడు.

"ఎక్కువైందేమో బాబూ" అంది మెల్లమ్మ. ఆ మాట రోలరు రొదలో కలిసిపోయింది. అతను వినలేదు. ఆమె పెదాల కదలిక తెలిసిన మైకక్కకు మాత్రం బల్ల అవతలనుంచే వినిపించింది.

ముందు వాసన వచ్చింది. తర్వాత దుప్పటి మధ్యలో టీ మరకలాంటి పచ్చటి చార. మైకక్క రెండు అరచేతులతో బల్ల మీద దబదబా బాదింది. అందరూ తిరిగి చూశారు. ఎవరో పరిగెత్తుకెళ్ళి మెయిన్ స్విచ్ ఆపారు. అప్పటికే ఒక దొంతర దుప్పట్లు మాడిపోయాయి.

మేనేజరు వచ్చాడు. అరిచే మనిషి కాదు. ఒక్కో దుప్పటీ విప్పి, వెలుతురుకు పట్టి చూసి, పక్కన పడేశాడు.

"చక్రం ఎవరు తిప్పారు?"

"నేను గేటు దగ్గరున్నా బావా. బండివాడితో మాట్లాడుతున్నా" అన్నాడు బావమరిది. "రోలరు దగ్గర ఉన్నది ఈవిడే."

మేనేజరు మెల్లమ్మ వైపు తిరిగాడు. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. ఏదో అంది. "గట్టిగా చెప్పమ్మా" అన్నాడతను. ఆమె మళ్ళీ అంది. "నేను కాదు సార్" అన్న మాట దగ్గరున్నవాళ్ళకే వినిపించింది. తర్వాత అలవాటు ప్రకారం మైకక్క ఉన్న బల్ల వైపు చూసింది. ఎప్పుడు ఏ పేచీ వచ్చినా ఆమె అలాగే చూసేది. నా నోరు కూడా నీ దగ్గరే ఉందక్కా అనేది.

మేనేజరు కూడా అటే చూశాడు. "నువ్వు ఎదురుగా ఉన్నావు కదా. ఏం జరిగింది?"

రొద లేని ఆ హాల్లో అందరూ ఆమెనే చూస్తున్నారు. చక్రం వైపు వేలు చూపిస్తే చాలు. బావమరిది మొహం వైపు చూసినా చాలు. అతను అప్పుడు ఫోను జేబులో పెట్టుకుంటూ ఆమెకేసి చూసి, పొద్దున నవ్విన నవ్వే నవ్వాడు.

మైకక్క చెయ్యెత్తి తన నోరు చూపించింది. పెదవి మీద రెండు వేళ్ళు ఆనించి, తల అడ్డంగా ఊపింది.

"అవునవును. నువ్వు మాట్లాడకూడదు కదా" అన్నాడు మేనేజరు. "వద్దులే, కుట్లు ఊడతాయి." వెనకెవరో కిసుక్కున నవ్వారు, మైకు రిపేర్లో ఉందని. మేనేజరు మాడిన దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "రేపట్నుంచి రావద్దమ్మా" అని మెల్లమ్మతో చెప్పి వెళ్ళిపోయాడు.

మెల్లమ్మ ఏడవలేదు. గోడ మేకుకు తగిలించిన సంచీ తీసుకుంది, చెప్పులు వేసుకుంది. బల్ల పక్కనుంచి పోతూ ఆగి, "నొప్పెడుతోందా అక్కా?" అని అడిగింది. జవాబు కోసం చూడకుండా వెళ్ళింది. మైకక్క ముందున్న దుప్పటి అంచులు కలిపి, మళ్ళీ కలిపి, మడత సరిగ్గా రాక విప్పింది.

*

ఇంట్లో ఆమె మామూలుకంటే ఎక్కువ మౌనంగా ఉందని మొదట కనిపెట్టింది అత్తగారే. మాట్లాడని మనిషిలో కూడా తేడా ఉంటుంది. సైగలు కూడా మానేసి, తేలు కుట్టిన దొంగలా గోడవైపు తిరిగి పడుకుంటోంది.

"సూపు పిల్ల రావడం లేదేం?" అంది ఆవిడ. "రోజూ వచ్చేది."

కోడలు తెలియదన్నట్టు భుజాలు కదిలించింది.

చూసుకోవద్దన్నా పొద్దున ఆమె అద్దం ముందు నిలబడి పెదవి కొంచెం కిందికి దించింది. గులాబీ రంగులో ఉండాల్సిన చోట తెల్లగా, నానిన కాగితంలా ఉంది. అంచులు బూడిద రంగు. చచ్చిపోయింది అనుకుంది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది, తగినశాస్తేనని. ఆ ఆలోచన రాగానే కొంచెం ఊరట కూడా కలిగింది. తప్పుకి శిక్ష పడిపోతే ఇంకెవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు.

భర్త పని మానుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ లైటు వేసి, చిన్న అద్దం పెట్టి చూసింది. ఏమీ తాకలేదు.

"చాలా బాగుంది" అంది.

మైకక్క కళ్ళు పెద్దవి చేసింది. వేలితో తెల్లదనం చూపించింది.

"పైపొర ఊడిపోతోంది, అంతే. భయపడకండి. అతికిన ముక్కకి మొదట్లో సొంత రక్తం ఉండదు. కింద ఉన్న కండలోంచి ఊరే తేమతోనే బతుకుతుంది. తర్వాత అక్కణ్ణుంచి సన్నటి రక్తనాళాలు దీన్లోకి పాకుతాయి. అప్పటిదాకా దాన్ని ఎవరూ కదపకూడదు. మీరు కదపలేదు. నోరు కట్టుకుని కూర్చున్నారు. ఇంత చెప్పిన మాట వినే పేషెంటు నాకు ఈ మధ్య దొరకలేదు."

"మా ఇంట్లో కూడా దొరకలేదండీ" అన్నాడు భర్త.

దారిలో అతను ఏదో చెబుతూనే ఉన్నాడు, ఎవరింట్లోనో ఫ్యాను విప్పితే పిచ్చుక గూడు ఉందట. ఆమె వినలేదు. నోరు కట్టుకుని కూర్చున్నారు అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఇంటికి వెళ్ళి కాగితం తీసుకుంది. జరిగింది నాలుగు ముక్కల్లో రాసి భర్తకు చూపిస్తే అతనే వెళ్ళి మేనేజరుకు చెబుతాడు. కలం మూత తీసింది. రాస్తే, ఆ రోజే ఎందుకు రాయలేదని అడుగుతారు. కుట్లు విప్పాక నోటితోనే చెబుదాం, నోటితో చెబితేనే మర్యాద, అనుకుంది. కలం మూత పెట్టేసింది. ఆ వారంలోనే ఆమెను స్టోరు గదికి మార్చారు. కిటికీ తలుపు బిగుసుకుపోయి ఉంది. ఎంత తోసినా రాలేదు.

*

కుట్లు విప్పిన రోజు చిగురు లేత ఎరుపుకు తిరిగింది. పళ్ళ మొదళ్ళు కప్పుకుని, చుట్టూ ఉన్న పాత చిగురుతో దాదాపు కలిసిపోయింది. దారం లాగినప్పుడు చీమ కుట్టినంత నొప్పి.

"ఇక మాట్లాడండి" అంది డాక్టరమ్మ.

ఏం మాట్లాడాలో ఆమెకు తోచలేదు. "వస్తానండీ" అంది. గొంతు బొంగురుగా, ఎవరిదోలా వచ్చింది.

నేరుగా లాండ్రీకి వెళ్ళింది. మేనేజరు గదిలో నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. చక్రం తిప్పింది మీ బావమరిది. నేను చూశాను. ఎక్కువైందని ఆ పిల్ల చెప్పింది కూడా. అతను వినిపించుకోలేదు.

మేనేజరు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "తెలుసు" అన్నాడు.

ఆమె అప్పుడు కుర్చీలో కూర్చుంది.

"ఆ మర్నాడో మూడోనాడో మా ఇంట్లో నోరు జారాడు. బతిమాలుకున్నాడు. ఇంటి మనిషి, ఏం చెయ్యను." అతను గ్లాసు అంచు తుడిచాడు. "కానీ నీతో ఒకటి చెప్పాలి. నువ్వు మాట్లాడలేవని నాకు తెలియకనా ఆ రోజు అడిగింది? ఒక్కసారి వేలు చూపిస్తే చాలనుకున్నాను. ఇన్నేళ్ళలో నీ మాట నేను ఎప్పుడన్నా కాదన్నానా? నువ్వే ఊరుకున్నావంటే తప్పు ఆవిడదే అయ్యుంటుంది, నువ్వు చెప్పలేక నోరు చూపించావు అనుకున్నాను. అందుకే పంపేశాను."

"ఇప్పుడు పిలవండి సార్."

"పిలిచాను. మనిషిని పంపాను. రానంది." గ్లాసు పక్కకు జరిపాడు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమమ్మా. నాకైనా, నీకైనా."

*

మెల్లమ్మ రెండు వీధుల అవతల ఒక చిన్న ఇస్త్రీ కొట్టులో చేరిందని రోలరు దగ్గర కొత్త అమ్మాయి చెప్పింది. మైకక్క వెళ్ళేసరికి కొట్టు ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. లోపల హ్యాంగర్ల వరస వెనకనుంచి ఒక గొంతు, "నీలం చొక్కా ఎవరిదండీ? బొత్తాం ఊడింది, కుట్టమంటారా?" అని కేక వేసింది. మెల్లమ్మ గొంతే. అంత పెద్దగా ఆమె మాట్లాడగా మైకక్క ఎప్పుడూ వినలేదు.

ఇద్దరూ వెళ్ళిపోయాక మెల్లమ్మ ఆమెను చూసింది. మొహంలో కోపం లేదు. "రా అక్కా" అని స్టూలు మీది బట్టలు తీసి చోటిచ్చింది.

"విప్పేశారా?"

"ఇందాకే."

"ఏదీ, చూడనీ." బల్ల మీదుగా వంగింది. మైకక్క కింది పెదవి దించింది. మెల్లమ్మ చిన్నపిల్ల నోరు చూసినట్టు తల అటూ ఇటూ వంచి చూసింది. "బాగా పట్టింది. అతికినట్టే లేదు."

"ఇక్కడ బాగుందా?" అంది మైకక్క. అడగడానికి వచ్చింది అది కాదు.

"మొదటి రోజు గొంతు పెగల్లేదక్కా. వచ్చినవాళ్ళు ఏమిటేమిటి అని రెండుసార్లు అడిగేవాళ్ళు. ఇక్కడ నా బదులు చెప్పేవాళ్ళు లేరు కదా. అలవాటైంది."

"మేనేజరు పిలిచాడటగా. వచ్చెయ్యి. నేను ఇవాళ వెళ్ళి జరిగిందంతా చెప్పేశాను. అందరి ముందూ చెబుతాను, కావాలంటే."

మెల్లమ్మ ఇస్త్రీ పెట్టె తీసి, తడి గుడ్డ మీద ఆనించి వేడి చూసింది. చొక్కా కాలరు పరిచి, కొసనుంచి మధ్యకు రుద్దింది. రెండో కొసనుంచి మళ్ళీ మధ్యకు. పెట్టెను నిలువుగా నిలబెట్టాక అంది.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ రోజు నీకు నిజంగానే నొప్పి పుట్టిందా?"

మైకక్క స్టూలు అంచు పట్టుకుంది.

"ఇంటికెళ్ళి మా ఆయనతో అదే చెప్పాను. కుట్లు లాగి ఉంటాయి, ప్రాణం పోయేంత నొప్పి ఉంటేనే తప్ప అక్క ఊరుకునే మనిషి కాదు అని. ఆయన నవ్వాడు. నవ్వితే తగువేసుకున్నాను కూడా. అంత నొప్పిలో నిన్ను నిలబెట్టి అడిగారని, నేనేమో సూపు తీసుకుని రాలేకపోతున్నానని, బాధగా ఉండేది. రావాలంటే మొహం చెల్లలేదు. పని పోయినదాన్ని, నిన్ను చూస్తే ఏడుస్తానేమో, నువ్వు ఓదార్చబోయి మాట్లాడేస్తావేమోనని." ఆమె చొక్కా చెయ్యి సరిచేసింది. "పుట్టింది కదా?"

అవునంటే సరిపోతుంది. ఒక్క మాట. అవునంటే ఈ మనిషి నమ్ముతుంది. నమ్మి, మాట మార్చి, సాయంత్రం ఇంటికి రమ్మంటుంది. మైకక్కకు ఆ మాట నాలుక కొసకు వచ్చింది కూడా. నాలుక దానంతటదే కింది చిగురు వెనక్కి వెళ్ళి తడిమింది. నున్నగా ఉంది. ఎక్కడా గుచ్చుకోవడం లేదు.

"లేదు" అంది. "నొప్పేమీ లేదు ఆ రోజు."

మెల్లమ్మ చెయ్యి ఆగింది. ఇంకేమైనా చెబుతుందేమోనని కొంచెంసేపు చూసింది. స్టోరు గది సంగతి, బావమరిది నవ్విన సంగతి చెప్పొచ్చు. చెబితే అవి కారణాల్లా వినిపిస్తాయి. మైకక్క ఏదీ చెప్పలేదు. ఎదుటివాళ్ళు ఎదురుచూస్తుంటే మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో ఆమెకు తెలిసింది.

"సరే" అంది మెల్లమ్మ.

చొక్కా మడిచింది. మడత మీద మడత, బొత్తాలు పైకి వచ్చేలా. కాగితం చుట్టి, దారం కట్టి, దొంతరలో పెట్టింది. ఇంకో చొక్కా తీసి విదిలించింది. ఒక్క మనిషే విదిలిస్తే బట్ట సగమే తెరుచుకుంటుంది. మిగతా సగాన్ని గడ్డం కింద అదిమి పట్టుకుని సవరించింది. అవతలి అంచు పట్టుకుందామని మైకక్క చేతులు వాటంతటవే లేచాయి. మెల్లమ్మ అప్పటికే బల్ల మీద పరిచేసింది.

ప్యాంటు తీసుకెళ్ళడానికి ఒకాయన వచ్చి మెట్టు దగ్గర నిలబడ్డాడు. "చెప్పండి" అంది మెల్లమ్మ అతనితో. అతను చీటీ ఇచ్చాడు. ఆమె వెనక్కి తిరిగి హ్యాంగర్లు వెతికింది.

మైకక్క స్టూలు మీదనుంచి లేచింది. "వస్తాను" అంది.

మెల్లమ్మ హ్యాంగర్ల మధ్యనుంచి తల తిప్పింది. గొంతులో నిష్ఠూరం లేదు, వెటకారం లేదు. ఆ ప్యాంటు మనిషితో మాట్లాడిన గొంతే.

"మంచిదండీ" అంది. "మెట్టు ఎత్తుగా ఉంటుంది, చూసుకుని దిగండి."